రొంటిన దోపుకొనే ఫోను సంచి

(ద్వితీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి)

లుంగీకి జేబు ఎక్కడుంటుంది?

ప్రశ్న చిన్నదే. కాని బజారులో ఫోనుకని అమ్మే కవర్లు, క్లిప్పులు, పట్టీలు, కారులో తగిలించే స్టాండ్లు చేసినవాళ్ళెవరూ ఈ ప్రశ్న వేసుకొన్నట్టు కనబడదు. వాళ్ళ లెక్కలో మనిషి అంటే ప్యాంటు తొడుక్కొన్నవాడు. చిల్లకూరులో మా నాయన పొలంలోకి దిగేటప్పుడు లుంగీ ఎగగట్టి, చొక్కా విప్పి నిమ్మ కొమ్మకు తగిలిస్తాడు. ఫోను ఆ చొక్కా జేబులోనే ఉంటుంది. నాయన మాత్రం తోటకు ఆ చివర పాదుల్లో నీళ్ళు మళ్ళిస్తూ ఉంటాడు.

దానివల్ల ఏం నష్టమంటారా? 2022 ఏప్రిల్‌లో నిమ్మకాయల ధర దేశమంతా చెప్పుకొనేటంత పైకి పోయింది. చిల్లర ధర కిలో 200 రూపాయలు దాటిందని పేపర్లన్నీ వ్రాశాయి. అలాంటి రోజుల్లో గూడూరు మార్కెట్టు నుంచి ఒక ఫోను వచ్చిందంటే, ఆ పూట కాయలు కోయాలా వద్దా అన్నది అందులోనే తేలిపోతుంది. ఒక ఉదయం అలాంటి ఫోను నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ చొక్కాలోనే మోగి చొక్కాలోనే ఆగిపోయింది. నాయన గట్టెక్కి చూసుకొనేసరికి మధ్యాహ్నం. మర్నాటి ధర వేరు. ఎంత పోయిందో నాయన ఇంట్లో చెప్పలేదు, మేమూ అడగలేదు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను.

ఆ తరువాత సెలవుల్లో గూడూరులో ఒక ఫ్లెక్సీల కొట్టులో పనికి కుదిరాను. మన కాలేజీలో సగం మందికి ఫోటోషాప్ అంటే ఏమిటో తెలుసు. మిగతా సగానికి దాని ఫలితం తెలుసు. నాయకులు తెల్లగా ఎందుకుంటారో, ఇరవై తలకాయలు ఒకే ఫ్లెక్సీలో ఎట్లా ఇముడుతాయో నేనక్కడ నేర్చుకొన్నాను. పాస్‌పోర్టు ఫోటోకు వచ్చిన కుర్రవాడికి కోటు తొడగడం రెండు నిమిషాల పని. ఆ కోటు కొట్టులో లేదు, కుర్రవాడి ఇంట్లోనూ లేదు. కంప్యూటరులో ఒక్కటే ఉంది, అందరికీ అదే. నవ్వు రాని పని ఇంకొకటి ఉండేది. చనిపోయిన తాతనో, తండ్రినో పెళ్ళి ఫోటోలో నిలబెట్టమని వచ్చేవాళ్ళు. పాత ఓటరు కార్డు ఫోటో ఒక్కటే ఆధారం. పని పూర్తయ్యాక ఆ మనిషి తెరమీద అందరి మధ్యా నిలబడితే, తెచ్చినవాళ్ళు డబ్బు తీయడం మరిచిపోయి చూస్తూ ఉండేవారు. లేనిదాన్ని ఉన్నట్టు చూపించే పనికి మనుషుల మీద ఎంత పట్టుందో నాకు అక్కడే తెలిసింది.

ఆ కొట్టులో నడిచేది పాత ఏడో నంబరు ఫోటోషాప్. తెరవగానే దాన్ని తయారుచేసినవారి పేర్లు కనబడతాయి. అందులో సీతారామన్ నారాయణన్ అనే పొడుగాటి పేరొకటి ఉంది. కొట్టు అన్న దాన్ని రోజూ పొద్దున సుప్రభాతంలాగా పైకి చదివి మరీ పని మొదలుపెట్టేవాడు. ఇది మొదట అమెరికాలో 1987లో థామస్ నోల్ అనే పరిశోధక విద్యార్థి తనకోసం వ్రాసుకొన్న చిన్న ప్రోగ్రాము. తమ్ముడు జాన్ నోల్ తోడై దాన్ని పెంచాడు. 1990లో అడోబీ కంపెనీ విడుదల చేసింది. వాళ్ళ తండ్రికి ఇంట్లోనే ఫోటోలు కడిగే చీకటి గది ఉండేదట. ఆయన గ్లెన్ నోల్. రేడియేషన్ డిటెక్టర్ల మీద ఆయన పాఠ్యపుస్తకం ఫిజిక్సు వాళ్ళకు కొత్త కాదు. ఆ అడోబీకి 2007లో ముఖ్యాధికారి అయిన శంతను నారాయణ్ మన హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివినవారు. ఇంటి దగ్గర నా సెకండ్‌హాండ్ లాప్‌టాప్‌లో నేను వాడేది గింప్. అది ఉచితం. 1995లో బర్కిలీలో ఇద్దరు విద్యార్థులు మొదలుపెట్టిందే అది కూడా.

ఇక అసలు సంగతి. ఫోనుకు ఒక సంచి ఊహించాను. మా అవ్వ ఆకు, వక్క వేసుకొని రొంటిన దోపుకొనే తిత్తి దానికి మాతృక. ఫోనంత వెడల్పు సంచి. వెనక అరచేయంత నాలుక, లుంగీ మడతలోకి దోపితే జారకుండా. ముందు వైపు లోపలి తెర కనబడే కిటికీ. దాని కింద మూడు గుండీలు. తడిచేత్తో తెర నొక్కితే ఫోను సరిగా వినదు గదా, ఆ గుండీలతో పని జరిపించాలని ఉద్దేశం.

ముందు కాగితం మీద పెన్సిలుతో గీసి నాయనకు చూపించాను. “బాగుండాదబ్బయా” అని తిరిగి ఇచ్చేశాడు. అంతే. పిల్లవాడు గీసిన బొమ్మను బాగుందనక ఇంకేమంటాడు!

అందుకని ఫోటోగా చేద్దామని కూర్చున్నాను. అవ్వ తిత్తిని తెల్ల కాగితం మీద పెట్టి సాయంత్రం ఎండలో తీశాను. పక్కన ఒక అగ్గిపెట్టె, కొలత తెలియడానికి. సైకిల్ ట్యూబు ముక్క, మందు కొట్టే స్ప్రేయరు పట్టీకుండే బకిలు, యూరియా బస్తా లోపలి పలచటి కవరు, ఇవన్నీ తీశాను. బకిలు మిట్టమధ్యాహ్నం తీసింది కావడంతో దాని నీడ కాళ్ళకిందే ఉంది, తిత్తి నీడేమో పొడుగ్గా పక్కకు పోతోంది. రెండూ ఒకచోట పెడితే ఏదో తేడా ఉందని చిన్నపిల్లలకు కూడా తెలిసిపోతుంది, ఏమిటో చెప్పలేకపోయినా. మళ్ళీ సాయంత్రం నాలుగింటికి తీయవలసి వచ్చింది.

తరువాత ఒక్కొక్క వస్తువునూ అంచు వెంట చుక్కచుక్కగా కత్తిరించి వేరువేరు పొరలమీద పేర్చాను. నేను సైన్సు విద్యార్థిని గనక నాకు ముచ్చటేసిన సంగతి ఒకటి చెబుతాను. తెరమీద ప్రతి చుక్కా మూడు అంకెలే. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. మొత్తం 1,67,77,216 రంగులు. నీడ వేయడానికి ‘మల్టిప్లై’ అనే పద్ధతి ఉంది. పేరుకు తగ్గట్టు పైపొర అంకెను కింది పొర అంకెతో హెచ్చవేసి 255తో భాగించడమే. కింద 200 ఉండి నీడలో 128 ఉంటే వచ్చేది 100. అంటే లుంగీ గళ్ళు చెరిగిపోకుండానే మసకబారుతాయి. నిజం నీడ చేసేదీ అదే. ఈ లెక్క తెలియకపోయినా కొట్టు అన్న వేసే నీడలు నావాటికంటే బాగుంటాయని ఒప్పుకోవాలి.

ఆరు రాత్రులు పట్టింది. సంచిని నాయన ఫోటోలోనే, ఎగగట్టిన లుంగీలో దోపి ఫోనులో చూపించాను.

“యాడ కొన్నావురా?”

“కొన్లేదు నాయనా. బొమ్మ. నేనే చేసినా.”

నాయన నమ్మలేదు. రెండువేళ్ళతో పెద్దది చేసుకొని చూశాడు. నడుం తనదే, లుంగీ తనదే, సంచి ఏనాడూ పెట్టుకొన్నది కాదు. ఇక మొదలుపెట్టాడు. నిమ్మ ముల్లు తగిలితే ఈ కిటికీ చిరగతాది గదా? వంగితే మూల పొట్టలో గుచ్చుకోదా? చెమటకు లోపల చెమ్మ పడితే? నల్లది యెందుకు పెట్టినావు, ఎండకు కాగిపోదా? ఇది మాత్రం ఆలోచించవలసిన మాట. 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడమని యాపిల్ కంపెనీ తన ఫోన్లకు చెబుతుంది. మా వైపు మే నెలలో నలభై దాటడం మామూలు. పెన్సిలు గీతల ముందు మూడక్షరాలతో సరిపెట్టిన మనిషి ఆ రోజు అరగంట మాట్లాడాడు. నేను పెద్దవాణ్ణయ్యాక మా ఇద్దరి మధ్య చదువు ఖర్చులు, మోటారు రిపేర్లు తప్ప అంతసేపు నడిచిన మాట మరొకటి లేదు.

గుండీల సంగతి మా ఫిజిక్సు లెక్చరర్ గారు తేల్చారు. బొమ్మ చూసి ఒకే ప్రశ్న అడిగారు: “రబ్బరు గుండీ నొక్కితే తెరకెట్లా తెలుస్తుందోయ్?” మన ఫోను తెర బరువును పసిగట్టదు. మన శరీరం విద్యుద్వాహకం గనక వేలు దగ్గరికి రాగానే ఆ చోట కెపాసిటన్సు మారుతుంది. దాన్నిబట్టి వేలెక్కడుందో గుర్తిస్తుంది. నీటి పొర కూడా అదే పని చేయడంవల్ల తడిలో తికమక పడుతుంది. మామూలు రబ్బరు అడ్డం వస్తే వేలు అందదు. అక్కడ లోహమైనా ఉండాలి, విద్యుత్తు పారే గుడ్డైనా ఉండాలి, అది వేలిదాకా కలిసి ఉండాలి. సరేనని ఇత్తడి గుండీలు వేశాను. బొమ్మలో బంగారంలా మెరిశాయి.

నాయన వాటివంక చూసి, “ఇవెందుకు?” అన్నాడు. ఫోను ఎత్తడానికన్నాను. “ఎత్తబళ్ళేదురా. ఎవురు చేసిందీ కనబడితే చాలు. చెయ్యి కడుక్కొని నేనే చేస్తా.”

గింప్‌లో ప్రతి పొర పక్కనా ఒక కన్ను గుర్తుంటుంది. దాన్ని నొక్కాను, మూడు ఇత్తడి గుండీలూ మాయమైపోయాయి. సంచి ఖరీదు కూడా అప్పుడే సగానికి దిగింది.

ఈ బొమ్మమీద అడ్డంగా ‘ఊహాచిత్రం - అమ్మకానికి లేదు’ అని మొదటినుంచీ వ్రాసే ఉంచాను. ఊరి వాట్సాప్ గ్రూపులో పెడితే ఎవరో ఆ అక్షరాలున్న మేర కత్తిరించి పంపారు. అది కోట మండలం దాకా పోయింది. ధర ఎంతని ఫోన్లు. రొయ్యల గుంటల దగ్గర పనిచేసే కుర్రవాళ్ళు ఎక్కువ. వాళ్ళదీ నాయన కష్టమే, రోజంతా నీళ్ళలో. ఒక సెల్ సామాన్ల వ్యాపారి నూరింటికి అడ్వాన్సు ఇస్తానన్నాడు. సెమిస్టరు ఫీజు కట్టవలసిన నెల అది. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదని వ్రాస్తే సంపాదకవర్గం వారు కొట్టేయరనుకొంటాను.

అమెరికాలో కిక్‌స్టార్టర్ అనే సంస్థ ఉంది. కొత్త వస్తువు తయారుచేస్తామనే వారికి జనం ముందుగా డబ్బు పంపే ఏర్పాటు. 2012 సెప్టెంబరులో వాళ్ళొక నిబంధన పెట్టారు. వస్తువులు తయారుచేసే విభాగంలో నిజంలా కనబడే ఊహాచిత్రాలు పెట్టరాదు, నమూనా ఇప్పుడెట్లా ఉందో ఆ ఫోటోలే చూపాలి. కంప్యూటరు బొమ్మలకు పుట్టినిల్లయిన దేశంలోనే అంత కచ్చితంగా చెప్పవలసి వచ్చిందంటే, బొమ్మ చూసి డబ్బిచ్చినవాళ్ళు ఎన్నెన్ని ఊహించుకొంటారో తెలుస్తూనే ఉంది. బొమ్మ పెట్టి నాయనను ప్రశ్నలడగడం ఒకటి, అదే బొమ్మ పెట్టి ముక్కూమొగం తెలియని కుర్రవాడి దగ్గర వంద రూపాయలు తీసుకోవడం ఇంకొకటి. అడ్వాన్సు వద్దన్నాను.

నమూనా కుట్టించాను. మా ఊరి టైలరు బొమ్మను చూసి, “అంచు చుట్టూ తెల్ల దారంతో కుట్టు బలే యేసినావే! సూది పొడిచిన ప్రతి బెజ్జంలోనూ నీళ్ళు దూరతాయి గదయ్యా” అన్నాడు. ఆ కుట్టు వేయడానికి నేనొక రాత్రంతా బ్రష్షుతో కూర్చొని ఉన్నాను. పట్ట గుడ్డ, బల్లమీద పరిచే మందపాటి పారదర్శక షీటు, నాలుకకు సైకిల్ ట్యూబు. కుట్టు మీద పంక్చర్ల కొట్టు సొల్యూషను రెండు పూతలు పూయించాం. లోపల పొడి పేపరు ముక్క పెట్టి పది నిమిషాలు బకెట్లో ముంచితే ఒక మూల మాత్రం తడిసింది. రెండో నమూనాలో ఆ మూలను గుండ్రంగా తిప్పాం. వంగితే పొట్టలో గుచ్చుకొనే మూల కూడా అదే గనక నాయన ఫిర్యాదు కూడా దానితోనే తీరింది. తెల్ల పట్ట వేశాం.

ఆ వ్యాపారికి ఈ రెండో నమూనా చూపించాను. అటూ ఇటూ తిప్పి, “బొమ్మలో ఉండే షో లేదే” అని వెనక్కిచ్చాడు. మాట నిజమే.

నాయన దాన్ని రెండు నెలలుగా వాడుతున్నాడు. సైకిల్ ట్యూబు నూలు లుంగీని బాగా పట్టుకొంటుంది, పాలియెస్టరు కలిసిన లుంగీలో జారుతుంది. కిటికీ ఎండకు మసకబారుతోంది. ఫోను చేసినవారి పేరు ఇంకా తెలుస్తోంది, నంబరైతే కళ్ళు చికిలించుకోవాలి. ముళ్ళ గీతలు పదిహేను లెక్కపెట్టాను, చిరగడం మాత్రం లేదు. కిటికీని విడిగా మార్చుకొనేటట్టు పదకొండో బొమ్మ వేస్తున్నాను. ఇందులో ఆకు, వక్క పెట్టుకొనే అర ఎక్కడని అవ్వ అడుగుతోంది. దాని కొలత ఇంకా తీసుకోవాలి.