పది డిగ్రీలు

9 మార్చి 2024, శనివారం. ఇర్వింగ్, టెక్సస్

నా ఎఫ్-150 ట్రక్కుకి (1994, 4.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్) పికప్ పోయి నెలైంది. ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఆయాసం. పెట్రోలు తాగేస్తోంది. ఇవాళ టైమింగ్ (స్పార్కు ఎప్పుడు పడుతోందో) చూశాను.

ఇంజన్ వేడెక్కాక ఏసీ ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, స్పౌట్ కనెక్టర్ పీకాను. అది ఉన్నంతసేపూ స్పార్కుని కంప్యూటర్ ముందుకీ వెనక్కీ జరుపుతూనే ఉంటుంది. పీకితేనే బేస్ టైమింగ్ కనబడేది. ఒకటో ప్లగ్ వైరుకి టైమింగ్ లైట్ క్లిప్పు తగిలించి క్రాంకు పుల్లీ మీది గుర్తు చూస్తే 6 డిగ్రీలు. ఉండాల్సింది టీడీసీకి (పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటుకి) ముందు 10. బోల్టు వదులు చేసి డిస్ట్రిబ్యూటర్‌ని గడియారపు ముల్లుకి ఎదురుగా కాస్త తిప్పాను. క్రాంకులో సగం వేగమే దానిది. ఇక్కడ 2 డిగ్రీలు తిప్పితే అక్కడ 4. బిగించి, స్పౌట్ పెట్టి నడిపాను. కొంచెం నయం, అంతే.

రాత్రి నాన్నకి ఫోన్ చేశాను. బెజవాడ ఆటోనగర్‌లో ముప్పయ్యేళ్లు లారీ ఇంజన్లు విప్పిన చెయ్యి. "గుర్తు సరేరా, పిస్టన్ నిజంగా పైకొచ్చిందో లేదో చూశావా?" అన్నారు. చూడలేదు.

10 మార్చి, ఆదివారం

బ్యాటరీ వైరు తీసి, ప్లగ్గులన్నీ విప్పాను. ఒకటో సిలిండర్‌లో పిస్టన్ స్టాప్ బిగించి క్రాంకుని మెల్లగా తిప్పితే టక్కున ఆగింది. పుల్లీ మీద ఒక గీత. వెనక్కి తిప్పి, ఆగినచోట ఇంకో గీత. రెండిటికీ నట్టనడుమ అసలు టీడీసీ. అక్కడ నిలిపి చూస్తే కంపెనీ గుర్తు ఇంకా 6 డిగ్రీలు వెనకే ఉంది! పుల్లీ హబ్‌కీ బయటి రింగుకీ మధ్య రబ్బరు సడలి రింగు జారిపోయింది. నిన్న నేను పెట్టిన 10 నిజానికి 4.

రింగు మళ్లీ జారుతుంది కనుక కొత్త బ్యాలెన్సర్ (ఆ పుల్లీయే) ఆర్డర్ పెట్టాను.

16 మార్చి, శనివారం

కొత్తది బిగించి, మళ్లీ స్టాప్‌తోనే సరిచూశాను. సున్నా సున్నా దగ్గరే ఉంది. 10 పట్టాను. స్పౌట్ పెట్టగానే లైటు వెలుగులో గుర్తు ఇంకా ముందుకి గెంతింది. కంప్యూటర్ పని అందుకుంది. ఫ్లైఓవర్ మీద బండి తేలిగ్గా లాగింది.

నాన్న సంతోషించి, "బోల్టు బిగించాక మళ్లీ లైటు వేశావా?" అన్నారు. బిగింపులో ఒక డిగ్రీ జరిగితే సర్దాను కూడా. "చూశాను నాన్నా" అని ఈసారి చెప్పగలిగాను.