ఒక్కో కాటుకీ ఒక అణా!

వర్షాకాలం వచ్చిందంటే చాలు... దోమలు, జ్వరాలు, రక్తపరీక్షలు. ఇంట్లో ఎవరికైనా చలితో జ్వరం వస్తే 'మలేరియా ఏమో చూపించుకో' అనడం మనకు అలవాటైపోయింది. దోమ కుడితే మలేరియా వస్తుందని ఇవాళ బడిపిల్లవాడు కూడా చెబుతాడు. కానీ నూట పాతికేళ్ల కిందట ఈ మాట చెబితే పెద్దపెద్ద డాక్టర్లే నవ్వేవారు. ఆ నవ్వుల్ని ఆపిన పరిశోధన ఎక్కడో లండన్‌లోనో పారిస్‌లోనో జరగలేదు. మన సికింద్రాబాద్‌లో జరిగింది! అందులోని ఆశనీ నిరాశనీ పూసగుచ్చినట్టు చెప్పేవి ఇద్దరు డాక్టర్లు రాసుకున్న ఉత్తరాలు.

బేగంపేట పాత విమానాశ్రయానికి దగ్గర్లోనే ఉంది ఆ భవనం. 2008లో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలిపోయాయి కానీ ఈ దారిలో వాహనాల రద్దీ మాత్రం తగ్గలేదు. నిత్యం వేలమంది అటుగా వెళుతుంటారు. సర్ రొనాల్డ్ రాస్ పేరుతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో పరాన్నజీవుల అధ్యయన సంస్థగా మారిన ఆ పాత కట్టడం, ఒకప్పుడు దండు వాళ్ల ఆసుపత్రి. 1897 ఆగస్టు 20న ఇక్కడే ఓ సైనిక వైద్యుడు దోమ పొట్ట కోసి, మలేరియా గుట్టు విప్పాడు. ప్రపంచమంతా ఏటా ఆగస్టు 20ని దోమల దినంగా గుర్తుచేసుకునేది అందుకే.

బెంగళూరు పీపా

రొనాల్డ్ రాస్ 1857లో అల్మోరాలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ సైన్యంలో పెద్ద అధికారి. కొడుక్కి కవిత్వమన్నా సంగీతమన్నా లెక్కలన్నా ప్రాణం. వైద్యం మాత్రం తండ్రి పోరు పడలేక చదివాడు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు.

1883లో అతడి మకాం బెంగళూరు. హిందూపురం నుంచి వంద కిలోమీటర్లు... మన అనంతపురం సీమవాళ్లు పనికోసం పొద్దున్నే బస్సెక్కే ఊరే అది. అక్కడ రాస్ ఉన్న బంగళాలో దోమల బెడద విపరీతం. ఎక్కణ్నుంచి వస్తున్నాయా అని వెతికితే, కిటికీ దగ్గర పెట్టిన పీపాలో నీళ్ల నిండా పురుగులు! పీపా బోర్లించాడు. దోమలు తగ్గిపోయాయి. మిగతా బంగళాల దగ్గరా ఇలాగే చేద్దామంటే పై అధికారి ఒప్పుకోలేదు. అప్పటికి రాస్‌కు మలేరియా సంగతేమీ తెలియదు. అయినా దోమకూ నిల్వనీటికీ ఉన్న లంకె అతడి కంటపడింది మాత్రం అక్కడే.

ఆ రోజుల్లో మలేరియా అంటే చెడుగాలి వల్ల వచ్చే జబ్బు. ఆ పేరుకు ఇటాలియన్ భాషలో అర్థం కూడా అదే. చిత్తడి నేలల మీంచి వచ్చే గాలి పీలిస్తే చలిజ్వరం వస్తుందని నమ్మేవారు. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు అల్జీరియాలో రోగుల రక్తంలో ఓ సూక్ష్మజీవిని చూశాడు. రోగానికి కారణం గాలి కాదు, ఈ జీవి అన్నాడు. సరే, మరి అది ఒకరి రక్తంలోంచి ఇంకొకరి రక్తంలోకి ఎలా వెళుతోంది? జవాబు ఎవరి దగ్గరా లేదు.

గురువు లండన్‌లో... శిష్యుడు సికింద్రాబాద్‌లో

1894లో సెలవు మీద లండన్ వెళ్లిన రాస్‌కు పాట్రిక్ మాన్సన్ అనే డాక్టరు పరిచయమయ్యాడు. మాన్సన్ అంతకుముందు చాలా ఏళ్లు చైనాలో పనిచేశాడు. బోదకాలుకు కారణమైన పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని 1877లోనే కనిపెట్టాడు. ఒక జబ్బు క్రిమి దోమలో పెరుగుతుందని తెలియడం అదే మొదలు. మలేరియా క్రిమి కూడా అలాగే దోమలో పెరుగుతుందేమో అన్నది ఆయన అనుమానం. సూక్ష్మదర్శినిలో ఆ క్రిమిని రాస్‌కు చూపించి, 'ఇండియాలో రోగులకూ దోమలకూ కొదవ లేదు, నువ్వే తేల్చు' అన్న బాధ్యత అప్పగించాడు.

1895లో రాస్ తిరిగి వచ్చాడు. పోస్టింగ్ సికింద్రాబాద్‌లోని మద్రాసు పదాతి దళంలో. అక్కడి నుంచి మొదలయ్యాయి ఉత్తరాలు. 1895 నుంచి 1899 దాకా ఇద్దరి మధ్యా వందకు పైగా నడిచాయి. రైల్లో బొంబాయికి, అక్కణ్నుంచి ఓడలో లండన్‌కు. రెండు మూడు వారాల ప్రయాణం. ఇవాళ అడిగిన ప్రశ్నకు జవాబు రావాలంటే నెల దాటేది. ఈలోగా శిష్యుడు పది దోమలు కోసేవాడు, పది రకాల సందేహాలు పుట్టేవి, మళ్లీ ఇంకో ఉత్తరం!

ఆ ఉత్తరాల్లోని తమాషా ఏమిటంటే, గురువు చెప్పింది సగం తప్పు. దోమ ఒక్కసారే రక్తం తాగి, నీళ్లమీద గుడ్లుపెట్టి చచ్చిపోతుందని మాన్సన్ అనుకునేవాడు. అలా చచ్చిన దోమలున్న నీళ్లు తాగినవాళ్లకు జబ్బు వస్తుందని ఆయన ఊహ. శిష్యుడు దాన్నీ పరీక్షించాడు. రోగుల రక్తం తాగిన దోమలు చచ్చిన నీళ్లను కొందరికి డబ్బిచ్చి తాగించాడు! వాళ్లలో లచ్‌మన్ అనే యువకుడికి కొన్నాళ్లకు జ్వరం వచ్చింది. రాస్ సంబరపడ్డాడు. కానీ రక్తంలో మలేరియా క్రిమి జాడే లేదు. అది మామూలు జ్వరం.

హుసేన్ ఖాన్ చెయ్యి

ఈ కథలో పతకం దక్కని మనిషి ఒకరున్నారు. పేరు హుసేన్ ఖాన్. మలేరియా రోగి. రాస్ తన దగ్గర పెంచిన దోమల్ని దోమతెరలోకి వదిలి అతడిని కుట్టించేవాడు. కుట్టిన ఒక్కో దోమకూ ఒక అణా కూలి! రక్తం తాగిన దోమల్ని సీసాల్లో దాచి, రోజుకు కొన్ని చొప్పున కోసి చూడటం రాస్ పని.

ఇవాళైతే మనిషి మీద ఏ ప్రయోగం చేయాలన్నా నైతిక సంఘం అనుమతి, రోగి సంతకం, బీమా... బోలెడు నిబంధనలు. అప్పట్లో దొర అడిగాడు, సిపాయిల ఆసుపత్రిలో రోగి ఒప్పుకున్నాడు. ఎంతవరకు అర్థమై ఒప్పుకున్నాడో చెప్పే కాగితం లేదు. హుసేన్ ఖాన్ తన చేత్తో రాసిన ఉత్తరం కూడా ఏ బీరువాలోనూ లేదు. అతడి గురించి మనకు తెలిసిందల్లా దొర రాసుకున్నదే. అయినా ఆ పేరు అక్కడ ఉంది కాబట్టే ఈ విజయంలో ఒక వాటా ఎవరిదో మనకు తెలుస్తోంది.

రెండేళ్లు గడిచినా ఫలితం శూన్యం. కారణం చిన్నదే. రాస్ కోసిన దోమలన్నీ మలేరియాతో సంబంధం లేని జాతులవి. దోమల్లో కొన్ని రకాలే మలేరియాను మోస్తాయని అప్పటికి ఎవరికీ తెలియదు. మధ్యలో కలరా పని మీద బెంగళూరు పంపారు. 1897 వేసవిలో ఊటీ వైపు వెళితే అతడికే మలేరియా వచ్చింది! కోలుకుని జూన్‌లో సికింద్రాబాద్ చేరాడు.

ఆగస్టు నెల. ఉక్కపోత. పంకా వేస్తే కోసిన దోమలు ఎగిరిపోతాయని అదీ ఆపించాడు. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. అద్దం పగిలింది. ఆ స్థితిలో ఆగస్టు 16న అతడి సహాయకులు తెచ్చిన పిల్లపురుగుల్లోంచి రెక్కలమీద మచ్చలున్న కొత్తరకం దోమలు బయటికొచ్చాయి. గోడమీద వాలితే తోక పైకెత్తి కూర్చునే రకం. మనం అనాఫిలిస్ అనేది వాటినే. హుసేన్ ఖాన్ మళ్లీ చెయ్యి చాపాడు.

ఆగస్టు 20 మధ్యాహ్నానికి రెండే దోమలు మిగిలాయి. ఒకదాన్ని కోశాడు. పొట్టగోడలో గుండ్రటి కణం, అందులో నల్లటి రేణువులు. మలేరియా రోగి రక్తంలో కనిపించే రేణువులు కూడా సరిగ్గా అలాంటివే! మర్నాడు ఆఖరి దోమను కోస్తే అవే కణాలు ఇంకాస్త పెద్దవిగా కనిపించాయి. అంటే, క్రిమి దోమలో బతకడమే కాదు, పెరుగుతోంది. ఆ ఆనందంలో కవి మేల్కొన్నాడు. భార్య రోసాకు కవిత రాసి పంపాడు. లండన్‌లోని గురువుకు సమాచారం వెళ్లింది. డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ సంగతి అచ్చువేసింది. దానికి మాన్సన్ తన వ్యాఖ్యనూ జోడించాడు.

చెయ్యి దాకా వచ్చి...

ఇక ఒక్క మెట్టే మిగిలింది. పొట్టలో పెరిగిన క్రిమి మనిషిలోకి ఎలా వస్తోందో తేల్చాలి. సరిగ్గా అప్పుడే, నెల తిరక్కుండా సర్కారు వారి ఉత్తర్వు... రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ! అక్కడ మలేరియా రోగులే అరుదు. ప్రపంచానికి పనికొచ్చే పని చేస్తున్న డాక్టరును పనిలేని చోటికి పంపారు. రాస్ గోడు వినే మనిషి వేల మైళ్ల అవతల ఉన్న మాన్సన్ ఒక్కడే. ఆయన ఊరికే ఓదార్చి ఊరుకోలేదు. లండన్‌లో తనకు తెలిసిన పెద్దల్ని పట్టుకుని, రాస్‌కు పరిశోధన పని ఇప్పించమని తిరిగాడు.

1898 ఫిబ్రవరిలో కలకత్తాకు పంపారు. అక్కడ మనుషులు దొరక్క పిచ్చుకలమీద పడ్డాడు రాస్. పక్షులకు వచ్చే మలేరియాను దోమల్లో వెంటాడి, జులైలో అసలు గుట్టు పట్టేశాడు. క్రిమి దోమ లాలాజల గ్రంథుల్లోకి చేరుతోంది, కుట్టినప్పుడు అక్కణ్నుంచే రక్తంలోకి దిగుతోంది! అదే నెలలో ఎడిన్‌బరోలో జరిగిన వైద్యుల సభలో మాన్సన్ ఈ విషయం ప్రకటించాడు. ఆ ఏడాదే ఇటలీలో గ్రాసీ బృందం మనిషికి వచ్చే మలేరియాను అనాఫిలిస్ దోమే మోస్తోందని రుజువుచేసింది. ఘనత ఎవరిదని రాస్, గ్రాసీల మధ్య పెద్ద రచ్చే నడిచింది. 1902లో నోబెల్ రాస్ ఒక్కడికే దక్కింది.

అంత గురువుతోనూ తర్వాత చెడింది. మరో డాక్టరు గురించి మాన్సన్ రాసిన ఒక సిఫారసు లేఖ తనను కించపరిచిందంటూ రాస్ లాయర్ల దాకా వెళ్లాడు. ఉత్తరాలతో ముడిపడిన స్నేహం ఉత్తరంతోనే తెగింది!

అయినా రాస్ ఒక్క కాగితం ముక్కా పారేయలేదు. 1928లో డబ్బుకు ఇబ్బందై, భార్యాబిడ్డల కోసమంటూ ఆ కాగితాలను అమ్మకానికి పెట్టాడు. లేడీ హ్యూస్టన్ అనే సంపన్నురాలు 2000 పౌండ్లకు కొని బ్రిటిష్ మ్యూజియానికి ఇవ్వబోతే, వాళ్లు వద్దన్నారు. ఇప్పుడవి లండన్ ఉష్ణమండల వైద్య కళాశాలలో, గ్లాస్గోలోని వైద్యుల సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఇద్దరి ఉత్తరాలూ 1998లో పుస్తకంగా వచ్చాయి.

మన ఇంటి పీపా

కథ ఇక్కడితో అయిపోలేదు. రాస్ సికింద్రాబాద్‌లో దిగిన 1895లోనే భీమవరంలో ఓ పిల్లవాడు పుట్టాడు... యల్లాప్రగడ సుబ్బారావు. మాన్సన్ దోమలో చూసిన బోదకాలు పురుగుకు మందు 1940లలో అమెరికాలో ఆయన ఆధ్వర్యంలోనే బయటికొచ్చింది. హెట్రజాన్ పేరుతో వచ్చిన ఆ మందునే బోదకాలు నివారణకు మన పల్లెల్లో ఇంటింటికీ పంచారు.

మలేరియాకు టీకాలు కూడా వచ్చేశాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒకదాన్ని, 2023లో ఇంకోదాన్ని సిఫారసు చేసింది. రెండోది తయారవుతున్నది పుణెలో. అయినా 2023లో ప్రపంచంలో దాదాపు ఆరు లక్షలమంది మలేరియాతో చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆఫ్రికా పసిపిల్లలు.

మన దగ్గర? కదిరి దగ్గరి గాండ్లపెంటనే తీసుకోండి. వాన కోసం ఎదురుచూసే వేరుసెనగ నేల. చిత్తడి ఎక్కడుంది, దోమలెక్కడుంటాయి అనిపిస్తుంది. కానీ నీళ్లకు కటకటగా ఉన్న చోటే డ్రమ్ముల్లో, తొట్లలో, కుండల్లో రోజుల తరబడి నిల్వ చేసుకోక తప్పదు. డెంగీని మోసే ఏడిస్ దోమకు కావాల్సింది అదే! దాని గుడ్డు పెద్ద దోమ కావడానికి వారం పది రోజులు చాలు. పైగా గోడకు అంటుకున్న గుడ్లు నీళ్లు లేకపోయినా నెలల తరబడి బతికుంటాయి. అందుకే వారానికోసారి నీళ్లు పారబోస్తే సరిపోదు. తొట్టి లోపలి గోడల్ని పీచుతో రుద్ది, ఎండబెట్టి, మళ్లీ నింపి మూత పెట్టాలి. శుక్రవారం డ్రై డే అంటూ ఆరోగ్య కార్యకర్తలు చెప్పే మాట ఇదే.

కష్టపడి పట్టిన నీళ్లు పారబోయమంటే ఏ ఇల్లాలికైనా ప్రాణం ఉసూరుమంటుంది. ఆ నీళ్లతో అంట్లు కడిగో, పాదులకు పోసో తొట్టి ఖాళీ చేస్తే నీళ్లూ వృథా కావు, దోమా పుట్టదు. బెంగళూరులో రాస్ పీపా బోర్లించిన నాడు అతడికి నోబెల్ లేదు, సూక్ష్మదర్శినితో పనీ పడలేదు. నీళ్లలో పురుగుల్ని చూసి, చెయ్యి కదిపాడు... అంతే. ఆ పని మాత్రం మనందరికీ చేతనైనదే.