గాలిచాప బేరం

మా నేరేడుచర్లకు సముద్రం ఏ దిక్కున చూసినా దూరమే. మేమెరిగిన పెద్ద నీళ్లు సాగర్ ఎడమకాలువవి. అవి వరిచేల కోసం వచ్చినవి గాని వినోదానికి కావు. అటువంటి ఊళ్లో కూర్చుని విండ్‌సర్ఫింగ్ పలకల బేరం రాయడం విడ్డూరమే మరి! కాని విశాఖపట్నంలో చదువుతున్న మా మేనల్లుడు "మామయ్యా, పాతపలక ఒకటి చవగ్గా వస్తోంది" అని ఫోను చేశాడు. డబ్బు మా అక్కయ్య చిట్టీ పాడి దాచినది. "నువ్వు సరే అంటేనే ఇస్తాను" అందావిడ. ఇహ తెలుసుకోక తప్పుతుందా?

నీటిమీద తేలే పలక, దానిమీద ఎటైనా వాలే కీలుతో నిలిచిన స్తంభం, దానికో తెరచాప. చుక్కాని లేదు, చాపను ముందుకూ వెనక్కూ వాల్చి దారి తిప్పడమే. అమెరికాలో ష్వైట్జర్, డ్రేక్ అనే ఇద్దరు 1968లో దీనికి పేటెంటు కోరారు. 1984లో ఒలింపిక్సు కెక్కింది. 2023 ఆసియా క్రీడల్లో మన ఏబాద్ అలీ ఇందులోనే కంచు పతకం తెచ్చాడు.

మావాడు పంపిన ఫొటోలో పలక కత్తిలా ఉంది. 95 లీటర్లట. వాడి బరువు 62 కిలోలు. పలక, చాప బరువులు కలిస్తే 80కి దగ్గర పడుతుంది. అంటే నీళ్లు అంచుదాకా వస్తాయి. కదలకుండా నిలబడటమే గండం. కొత్తవాడికి తన బరువుమీద మరో నూరు లీటర్లు ఉండాలి. బాగా వెడల్పుండాలి, అడుగున దించే రెక్క ఉండాలి. చాప 5 చదరపు మీటర్ల లోపు చాలు. స్తంభానికి కార్బను అక్కర్లేదు, ఫైబర్ గ్లాసు చాలు. అయితే అది ఆ చాప కొలతకు సరిపోవాలి సుమా.

పాతసరుకు కొనేటప్పుడు పలకంతా బొటనవేలితో నొక్కి చూడాలి. మెత్తగా దిగితే లోపల పాడైందన్నమాట, నీరు కూడా చేరి ఉండవచ్చు. ఎండకు మాగిన చాప తెల్లబారి, మడిస్తే పెటపెటలాడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం ఆ రబ్బరు కీలు. వంచి చూస్తే పగుళ్లుంటే మార్చవలసిందే. నడినీటిలో అది తెగితే చాప ఒకచోట, పలక ఒకచోట!

"సెలవుల్లో మీ కాలువలో నేర్చుకుంటాలే" అన్నాడు. ససేమిరా అన్నాను. పారేనీరు, జారుడు గట్లు, అడ్డంగా వంతెనలూ తూములూ. సముద్రంలోనైనా, గాలి ఒడ్డునుంచి లోపలికి వీచేనాడు దిగరాదు. వెళ్లడం సులువు, రావడమే కష్టం.

వారం తిరిగేసరికి మరో ఫొటో వచ్చింది. 180 లీటర్లు, రంగు వెలిసింది, కీలు కొత్తది.

"గేదెలా ఉంది మామయ్యా!" అన్నాడు నీరసంగా.

అక్కయ్యకు సరే అని చెప్పాను. ఆవిడ ముందు లైఫ్ జాకెట్టుకు మాత్రం డబ్బు పంపింది. అది కొని, తొడుక్కుని, ఫొటో పంపితే తక్కినదిట.