కోరుట్లలో ఎర్ర లైటు, షార్జాలో నేను

గల్ఫ్‌లో ఉన్నవాడికి రెండు కొలువులు. ఒకటి జీతమిచ్చేది, రెండోది ఊళ్లో ఇంటి నెట్టు చూసుకునేది. మాది కోరుట్ల, నేనుండేది షార్జా. మొన్న ఎండాకాలంలో అమ్మ వాళ్లింట్లో పాత కేబుల్ నెట్టు తీయించి ఇంకో కంపెనీ ఫైబర్ పెట్టించాం. వచ్చిన అబ్బాయి సన్నటి వైరు లోపలికి లాగి, గోడకు తెల్ల డబ్బా బిగించి, తన ఫోన్‌లో స్పీడు చూపించి, చాయ్ తాగి వెళ్లాడు. పొద్దు గూకకముందే అమ్మ మెసేజి: "నెట్టు అత్తలేదు బిడ్డా."

యూఏఈలో వాట్సాప్ మెసేజీలు పోతాయి గానీ కాల్స్ కలవవు. బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లోనే మాట్లాడాలి. ఇంటి నెట్టు లేనప్పుడు అమ్మ ఫోన్‌లో ఉన్న కాస్త డేటా వీడియో కాల్‌కే ఊడ్చుకుపోతుంది. అందుకే నేను వీడియో అడగను, డబ్బా మీది లైట్ల ఫోటో పంపమంటాను.

ఆ లైట్లు అబద్ధం చెప్పవు. ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్రగా ఉంటే వైరులోంచి వెలుతురే రావడం లేదని అర్థం. ఎక్కడో తెగింది, లేదా మరీ వంగింది, లేదా కనెక్టర్ వదులైంది. పాన్ లైటు కొట్టుకుంటూ ఉంటే వెలుతురు వస్తోంది గానీ కంపెనీ మిషన్ మన డబ్బాను ఇంకా గుర్తుపట్టలేదు. అవి రెండూ బాగుండి ఇంటర్నెట్ లైటు ఒక్కటే వెలగకపోతే లోపం చాలాసార్లు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లో ఉంటుంది. కాల్ సెంటర్ వాళ్లు మాత్రం మూడింటికీ ఒకటే మందు చెబుతారు: ఆపి మళ్లీ పెట్టండి. ఎర్ర లైటు ఉన్నప్పుడు ఎన్నిసార్లు ఆపి పెట్టినా కరెంటు స్విచ్చు అరగడం తప్ప ఏమీ జరగదు. మనిషి రావాల్సిందే.

మా ఇంట్లో అదే ఎర్ర లైటు. మేనల్లుడు వెతికితే దొరికింది. మిగిలిన వైరును ఎవరో కిటికీ ఊచకు బిగించి చుట్టారు. రాగి తీగకు అది లెక్క కాదు. ఫైబర్ లోపల పోయేది వెలుతురు గనక గట్టి మలుపు దగ్గర బయటికి కారిపోతుంది. వదులుగా, వెడల్పుగా చుట్టమన్నాను. ఎర్ర లైటు పోయింది. డబ్బా సెట్టింగుల పేజీలో వచ్చే వెలుతురు బలం కూడా కనిపిస్తుంది. ఆ అంకె సాధారణంగా మైనస్ 8కి, మైనస్ 27కి మధ్య ఉండాలి. మైనస్ 27 దాటితే ఇవాళ పనిచేసినా రేపు మొరాయిస్తుంది. టెక్నీషియన్ గడప దాటకముందే ఆ అంకె చూపించమని అడగడం నయం.

అసలు తిప్పలు తర్వాత మొదలైంది. అమ్మ ఫోన్‌లో నెట్టు వస్తోంది, లోపలి గదిలో టీవీకి రావడం లేదు. కొత్త కంపెనీ వైరు మార్చిపోయింది గానీ ఇంట్లోని సామానుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. లోపలి గదికి సిగ్నల్ కోసం మా పాత రౌటర్‌ను ఆ అబ్బాయి కొత్త డబ్బాకు తగిలించి పోయాడు. అందులో ఇంకా పాత కంపెనీ యూజర్‌నేమే ఉంది. కరెంటు ఇచ్చినప్పుడల్లా పాత కంపెనీని పిలుస్తోంది, పలికేవాళ్లు లేరు. పైగా రెండు డబ్బాల చిరునామా ఒకటే, 192.168.1.1.

"మామా, రీసెట్ కొడితే అన్నీ పోతయి గద?" అన్నాడు మేనల్లుడు. పోవాలనే కొట్టమన్నాను. పాత రౌటర్ చిరునామా 192.168.1.2 చేయించి, దాని డీహెచ్‌సీపీ ఆపించి, వైరును వ్యాన్ అని రాసి ఉన్న రంధ్రంలోంచి తీసి పక్కనున్న లాన్ రంధ్రంలో పెట్టించాను. రెండింటికీ పాత వైఫై పేరు, పాత పాస్‌వర్డే ఇప్పించాను. దాంతో టీవీ, అమ్మ ట్యాబు ఎవరూ ముట్టకుండానే కలిసిపోయాయి. కంపెనీ మారినా వైఫై పేరు మార్చకూడదని నా గట్టి అభిప్రాయం.

చెల్లె వాళ్లది సిరిసిల్ల. అక్కడి బాధ వేరు. పాత ఆపరేటర్ స్తంభాల మీద పెట్టిన స్విచ్చుల నుంచి ఇళ్లకు లాన్ వైరు లాగాడు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా స్తంభం దగ్గర కరెంటు పోతే నెట్టు పోయేది. ఫైబర్‌కు మారాక దారిలో వెలుతురును పంచే స్ప్లిటర్‌కు కరెంటే అక్కర్లేదు. అయినా సాంచాల వాడలో కరెంటు రెప్పపాటు ఊగితే ఇంట్లోని డబ్బా ఆగి, మళ్లీ తేరుకోవడానికి నిమిషాలు తీసుకుంటుంది. ఇన్వర్టర్ అందుకునేలోపే అది పడుకుంటుంది. పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టించాక ఆ గోల తగ్గింది. సిరిసిల్లలో కరెంటు ఇచ్చేది సెస్, జనమే సభ్యులుగా ఉన్న సహకార సంఘం, 1970 నాటిది. నెట్టుకు కూడా అలాంటిదొకటి ఉంటే ఎంత బాగుండు అనిపిస్తుంది. మిషన్ భగీరథ పైపుల వెంట ప్రభుత్వం ఫైబర్ వేసింది. 2024 డిసెంబరులో మా పక్క పెద్దపల్లి జిల్లా అడవి శ్రీరాంపూర్‌లో టీ-ఫైబర్‌ను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు కూడా. అది మా వాడకట్టు దాకా రావాలని నా ఆశ.

జగిత్యాలలో నేను కట్టుకున్న ఇల్లు తాళమేసి ఉంటుంది. బావ చూసుకుంటాడు. అక్కడా కంపెనీ మార్చాం, అన్ని లైట్లూ పచ్చగా ఉన్నాయి, కెమెరాలు మాత్రం షార్జాలో తెరుచుకోలేదు. రౌటర్‌లో బయటి చిరునామా చూస్తే 100.70తో మొదలైంది. కారణం అక్కడే తెలిసిపోయింది. ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి పాత తరహా ఐపీ చిరునామాల నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అడుగంటింది. అందుకే కంపెనీలు ఒక్క చిరునామాను ఎన్నో ఇళ్లకు పంచుతాయి. అలా పంచుకునే ఇళ్ల కోసం 2012లో 100.64 నుంచి 100.127 వరకు అంకెలు కేటాయించారు. ఆ ఇంట్లోంచి బయటికి పోవచ్చు గానీ బయటినుంచి నేరుగా లోపలికి రాలేం. పోర్ట్ ఫార్వర్డింగ్‌తో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. స్టాటిక్ ఐపీ కావాలంటే నెలనెలా అదనంగా కట్టాలి.

ఆ మాట చెబితే బావ నవ్వాడు. "తాళం నా దగ్గర్నే ఉండె. నెలనెలా పైసలు గట్టి గోడలు సూత్తవా బామ్మర్ది?"

చివరికి కెమెరా తయారుచేసినవాళ్ల యాప్‌తోనే కలిపాం. బొమ్మ వాళ్ల సర్వర్ మీదుగా వస్తుంది, కొన్ని క్షణాలు ఆలస్యమూ ఉంటుంది. ఇంటి లోపలి దృశ్యాలు ఎవరి సర్వర్ మీదుగానో తిరగడం నాకు నచ్చలేదు. గేటు దగ్గరి కెమెరా ఒక్కటి ఉంచి, హాల్లోది బావతో విప్పించాను.