చతికిలబడ్డ కారు

విభక్తులు చెప్పుకు బతికే నాబోటివాడికి కార్ల గొడవ ఎందుకంటారా? చిత్తగించండి. మా బావమరిది పాత కారొకటి కొన్నాడు. ఎంత బరువెక్కినా వెనక కుంగకుండా, గాలితిత్తులతో తన ఎత్తు తనే సరిచేసుకునే రకం. ఒకనాడది కాస్తా వెనక చతికిలబడింది. "కంప్రెసరు పోయింది, కొత్తది వెయ్యాలి" అన్నారు షెడ్డువాళ్ళు. ఆ ఖరీదూ, మేనల్లుడి కాలేజీ ఫీజుకని దాచిన సొమ్మూ ఇంచుమించు ఒకటే!

మా వీధి చివర మెకానిక్కు మాత్రం తొందరపడలేదు. ఇరుసు దగ్గరి సెన్సారు ఎత్తు చూసి కబురంపాలి. కంట్రోలు పెట్టె ఆజ్ఞ ఇవ్వాలి. రిలే కరెంటు వదలాలి. అప్పుడుగాని కంప్రెసరు గాలి కొట్టదు. అతను ఆ వరసే పట్టుకున్నాడు. ఫ్యూజు బాగుంది. రిలే టిక్కుమంది. మోటారుదాకా 12 వోల్టులూ వస్తున్నాయి. అయినా అది ఉలకదు, పలకదు.

"ఇంకేం, మోటారే చచ్చింది" అన్నాడు మావాడు.

"వచ్చిన కరెంటు తిరిగి వెళ్ళొద్దుటండీ?" అన్నాడతను.

మీటరు ఒక కొస మోటారు ఎర్తు తీగకీ, రెండోది బ్యాటరీ నెగెటివుకీ ఆనించాడు. రిలే పనిచేస్తూండగా అక్కడ సున్నాకి దగ్గరగా ఉండాలిట, 11 చూపించింది. ఎర్తు బోల్టు నిండా తుప్పు! గీకి బిగించేసరికి మోటారు బుర్రుమంది, బండి మెల్లగా లేచింది.

మా క్లాసులోనూ ఇదే వరస. వాక్యం నడవకపోతే పిల్లలు క్రియని తప్పు పడతారు. తీరా చూస్తే ఎక్కడో చిన్న విభక్తి ఊడి ఉంటుంది.