చివరి చాప

అండమానులోని తెలుగు సంఘ కూటములకై పోర్ట్‌బ్లెయిర్ (2024 నుండి శ్రీ విజయపురం) వెళ్లినప్పుడు, అక్కడి సహోదరుడొకరు నన్ను హేవ్‌లాక్ ద్వీపానికి తీసుకెళ్లారు. 2018 నుండి దాని పేరు స్వరాజ్ ద్వీప్. ఆయన డైవింగ్ నేర్పేవారు. గుల్లలేని చిన్న సముద్రపు నత్తల ఫొటోలు తీయడమంటే ఆయనకు ప్రాణం. నా వీపున గాలి సిలిండరు కట్టి, చేయి పట్టుకొని 8 మీటర్ల లోతుకు దింపారు.

అక్కడ కొంచెం తూలి, ఆసరాకు బండమీద చేయి ఆన్చబోయాను. ఆయన చటుక్కున నా మణికట్టు పట్టి ఆపారు. టార్చి వేస్తే, నా అరచేతి క్రిందనే చిటికెన వేలంత జీవి! నలుపు, నీలం గీతలు, పసుపుపచ్చని బుడిపెలు. ఫిల్లిడియా అంటారట. అది తినే స్పంజికల విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది గనుక చేపలు దాని జోలికి రావు. చేపలనుండి దేవుడే దానికి కాపుదల ఇచ్చాడు. నా చేతి బరువునుండి కాపాడవలసినది మాత్రం నేనే.

ఆయన ఫొటో తీస్తుండగా మా సంఘంలోని ఒక విధవరాలు జ్ఞాపకమొచ్చింది. చివరి చాపమీద కూర్చునే ఆమె మూడు వారాలు రాలేదు, నేను గమనించనేలేదు. జ్వరమని తెలిసి ఆలస్యంగా వెళ్తే, "మీకెన్ని పనులో గదా అయ్యగారూ" అని ఆమే నన్ను ఓదార్చింది.

ఇప్పుడు ప్రసంగానికి ముందు చివరి చాపవరకు నడిచి వస్తున్నాను. ఈ చిన్నవారిని గూర్చి ప్రభువు మనలను అడుగుతాడు. మీ ఇంట చివరి చాపమీద ఎవరున్నారో ఈ రాత్రి ప్రార్థనకు ముందు చూడండి.