చిన్న నౌక, పెద్ద లెక్క

పనివేళలు ముగిశాక మిగిలే కాలాన్ని మనిషి దేనికి వెచ్చిస్తాడో, అతని మనసు క్రమంగా ఆ వైపుకే ఒదుగుతుంది. కొందరు పెరట్లో మొక్కలు పెంచుతారు, కొందరు అందమైన లిపి వ్రాయడం సాధన చేస్తారు. యుద్ధనౌకల నమూనాలు నిర్మించడం నా అభిరుచి. ఇషా నమాజు తర్వాత రోజుకు ఒక గంట చొప్పున ఇరవై రెండేళ్ళుగా ఈ పని సాగుతోంది. ఇంతకాలానికి పూర్తయినవి ఐదు నౌకలు మాత్రమే.

తొలి రోజుల్లో మా అమ్మీ అడిగారు: "సలాము చెప్పి గడప దాటే ఇంట్లో ఫిరంగుల ఓడ దేనికి బేటా?" ఆ ప్రశ్న న్యాయమైనదే. యుద్ధనౌక అలంకార వస్తువు కాదు, ప్రాణాలు తీయడానికి పుట్టిన యంత్రం. దానిని ఏళ్ళ తరబడి ప్రేమగా చెక్కడం హింసను మెచ్చుకోవడం అవుతుందా? ఈ సందేహానికి నాకు సమాధానం దొరికింది నా అయిదవ నౌక ఐఎన్ఎస్ ఖుక్రీని నిర్మిస్తున్నప్పుడు.

ఖుక్రీ పెద్ద నౌక కాదు. 1958లో మన నౌకాదళంలో చేరిన ఫ్రిగేటు, పొడవు దాదాపు 94 మీటర్లు. నేను ఎంచుకున్న కొలత 1:200. అంటే అసలు నౌకలోని ఒక మీటరు నా బల్లమీద అయిదు మిల్లీమీటర్లు. మొత్తం నౌక 47 సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. ముందుగా కీల్ అనే అడుగు దూలాన్ని నిలబెట్టి, దానిపై పక్కటెముకల వలె చెక్క చట్రాలను వరుసగా అమర్చాలి. వాటిపై పలుచని ప్లాస్టిక్ రేకులు అతికించి, సందులలో లప్పం నింపి, గరుకు కాగితంతో రుద్దాలి. ఒక వైపు ఒంపు రెండవ వైపు ఒంపుతో సరిపోలే వరకు ఈ రుద్దడం నెలల తరబడి సాగుతుంది. వెనుక భాగంలో జలాంతర్గాములపై బాంబులు విసిరే రెండు లింబో మోర్టార్లు, ఒక్కొక్కదానికి మూడేసి గొట్టాలు. నౌకను నడిపే పంకా ఒక్కటే.

అన్నిటికంటె ఎక్కువ కాలం తీసుకున్నది డెక్కు అంచున ఉండే కమ్మీలు. పాత మోటారు చుట్టలోని సన్నని రాగితీగను పట్టకారుతో పట్టి, అయిదు మిల్లీమీటర్ల ఎత్తున అతికించుకుంటూ పోవాలి. ఫిరంగి శత్రువు కోసం, కమ్మీ మాత్రం లోపలివారి కోసం. అలల ఊపులో ఒక మనిషి జారి సముద్రంలో పడకూడదని ఎవరో ఆలోచించి పెట్టిన కంచె అది. దానిని అతికిస్తున్న ఆ నెలలలో నా దృష్టి ఆయుధాల మీదినుండి మనుషుల మీదికి మళ్ళింది.

ఆ మనుషుల కథ తెలిసినదే. 1971 డిసెంబరు 9వ తేదీ రాత్రి, దీవ్ తీరానికి దూరంగా, పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ప్రయోగించిన టార్పెడో ఖుక్రీని తాకింది. కొద్ది నిమిషాలలోనే నౌక మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు, మొత్తం 194 మంది మరణించారు. తనవారిని బయటికి పంపుతూ నౌకను విడువని కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకు మరణానంతరం మహావీర చక్ర లభించింది. దీవ్‌లో సముద్రానికి అభిముఖంగా, గాజు మందిరంలో ఖుక్రీ నమూనానే స్మారకంగా నిలిపారు.

నమూనాలపై నిలబెట్టడానికి చిన్న చిన్న మనిషి ప్రతిమలు కూడా అంగళ్ళలో దొరుకుతాయి. ప్రాణుల ప్రతిమలు చేయడం మన ఇళ్ళలో కూడని విషయం గనుక నేను వాటిని ఎన్నడూ వాడలేదు. నా నౌకల డెక్కులన్నీ ఖాళీగానే ఉంటాయి. నాలుగు నౌకల వరకు ఇది కేవలం ఒక నియమం. ఖుక్రీ విషయంలో మాత్రం ఆ ఖాళీయే నిజం చెబుతున్నదని నాకు తోచింది. ఈ కొలతలో మనిషి ఎత్తు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. ఆ ఎత్తుకు తగిన తలుపులు, నిచ్చెనలు, కమ్మీలు అన్నీ ఉన్నాయి. మనుషులు మాత్రం లేరు.

టార్పెడో వేసిన వైపు కూడా మనుషులే ఉన్నారన్నది మరువరాదు. విశాఖపట్నం రామకృష్ణా బీచిలో ప్రదర్శనకు ఉంచిన మన కుర్సురా జలాంతర్గామి లోపలికి వెళ్ళినవారికి ఇది తెలుస్తుంది. ముందు ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టాలు. వాటి నడుమ ఒకరు పక్కకు తిరిగితేనే మరొకరు నడవగల దారి, ఒకదానిపై ఒకటిగా ఇరుకైన పడకలు. ఏ దేశపు జలాంతర్గామిలోనైనా పిల్లలను తలచుకుంటూ నిద్రపోయే తండ్రులే ఉంటారు.

మా మనవడు మొదట నా బల్ల దగ్గరికి వచ్చినప్పుడు, "దాదా, ఈ ఫిరంగి ఎంత దూరం పేలుతుంది?" అని అడిగాడు. పిల్లలందరూ అడిగే ప్రశ్నే అది. వాడిని మందలించలేదు, తీగ ముక్కలు కత్తిరించే పని అప్పగించాను. రెండు వేసవి సెలవులు గడిచాక వాడే అడిగాడు: "దాదా, ఇంత చిన్న ఓడలో అంతమంది ఎక్కడ పడుకునేవారు?" ఏ ఉపదేశమూ లేకుండానే వాడి ప్రశ్న మారింది. మా అమ్మీకి నేను ఇవ్వదగిన సమాధానం కూడా అదే అనుకుంటాను.

యుద్ధ బొమ్మలపై పిల్లలకు మోజు సహజం. వాటిని లాగేసుకుంటే మోజు పెరుగుతుందే గాని తరగదు. కొనిచ్చి వదిలేస్తే అది ఫిరంగి మోతతోనే ఆగిపోతుంది. అట్టముక్కలతోనైనా సరే, కొలత ప్రకారం, వారి పక్కన కూర్చుని నిర్మింపజేయండి. తలుపు ఎత్తు ఎంత ఉండాలో లెక్క కట్టమనండి. ఆ లెక్క కట్టాలంటే ముందుగా ఆ తలుపులోంచి నడిచే మనిషిని ఊహించుకోక తప్పదు.